నగరం కోలుకుంది అని ఎప్పుడు అనాలి?

మెట్లబావి అడిగారు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

కొన్నేళ్ల కిందట ఒక పెద్ద వరద వచ్చినప్పుడు సహాయక శిబిరంలో రెండు నెలలు వాలంటీరుగా పనిచేశాను. దుప్పట్లు పంచడం, పేర్ల జాబితాలు రాయడం, పరిహారం ఫారాలు నింపిపెట్టడం, అదే పని పొద్దస్తమానం. ఆ రెండు నెలలూ అక్కడికి రానివాళ్లు లేరు. అధికారులు, టీవీవాళ్లు, కాలేజీ పిల్లలు, ఎవరికి తోచిన సాయం వాళ్లు చేశారు. తర్వాత నీళ్లు తీశాయి, కరెంటు వచ్చింది, బస్సులు తిరగడం మొదలైంది, మేమూ ఎవరిళ్లకు వాళ్లం వచ్చేశాం. రెండేళ్ల తర్వాత, శిబిరంలో పరిచయమైన ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు ఇచ్చారట. పాతదానికంటే గట్టి ఇల్లేనట, గోడలకు చెమ్మ లేదు, పైకప్పు కారదు. "అన్నీ బాగానే ఉన్నాయి బాబూ, పొద్దున్నే లేచి తలుపు తీస్తే పలకరించే మొహం ఒక్కటీ లేదు" అన్నారు. లెక్కల్లో ఆవిడకు పునరావాసం పూర్తయినట్టే. ఆ మాట మాత్రం నా మనసులోంచి పోవడం లేదు.

అప్పట్నుంచి పెద్ద విపత్తుల తర్వాత నగరాలు ఎలా కోలుకుంటాయో దొరికినంతవరకు చదువుతున్నాను. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకే నగరం గురించి ఒకరు "పదేళ్లలో మామూలైపోయింది" అని రాస్తారు, ఇంకొకరు "ముప్పై ఏళ్లయినా కోలుకోలేదు" అని రాస్తారు, ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి. జనాభా తిరిగొస్తే కోలుకున్నట్టా? ఇళ్లు కట్టేస్తే కోలుకున్నట్టా? వ్యాపారం పుంజుకుంటే కోలుకున్నట్టా?

ఇంకోటి కూడా అడగాలి. ఒకే విపత్తులో పక్కపక్కనే ఉన్న రెండు పేటల్లో ఒకటి త్వరగా లేచి నిలబడుతుంది, రెండోది అలాగే ఉండిపోతుంది. నష్టం ఇంచుమించు ఒకటే అయినా ఇలా ఎందుకు జరుగుతుంది? ఈ పనిలో ఉన్నవాళ్లు గానీ, అలాంటి నగరాల్లో ఉన్నవాళ్లు గానీ తెలిసింది చెప్పండి. మామూలు మనుషులం ముందుగా చేసిపెట్టుకోగలిగింది ఏమైనా ఉందా అన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం.

---

వంతెన రాశారు:

మెట్లబావి గారూ, ఆ పెద్దావిడ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను ఉద్యోగరీత్యా జపాన్‌లోని కోబెలో ఆరేళ్లు ఉన్నాను. భూకంపం నాటికి అక్కడ లేను, చాలా ఏళ్ల తర్వాత వెళ్లాను. కానీ ఆ నగరంలో ఎవరితో పది నిమిషాలు మాట్లాడినా మాట 1995 దగ్గరికే వెళ్తుంది.

1995 జనవరి 17, తెల్లవారుజామున 5:46. అందరూ నిద్రలో ఉన్న సమయం. మొత్తం 6,434 మంది చనిపోయారు, వాళ్లలో సగానికి పైగా అరవై దాటినవాళ్లు. పాత చెక్క ఇళ్లు, పైన బరువైన పెంకులు, అవి కూలి కిందపడి నలిగిపోయినవాళ్లే ఎక్కువ. నగాతా అనే వార్డులో మంటలు రేగాయి, నీటి పైపులు పగిలిపోవడంతో ఫైరింజన్లు వచ్చినా పైపులో నీళ్లు లేవు. శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లలో బతికి బయటపడ్డవాళ్లను చాలావరకు బయటికి లాగింది ఇరుగుపొరుగువాళ్లే. పోలీసులు, ఫైర్ సిబ్బంది, సైన్యం కలిసి తీసినవాళ్ల సంఖ్య దానికంటే బాగా తక్కువ. ఫలానా ఇంట్లో ముసలాయన ఏ గదిలో పడుకుంటాడో పక్కింటివాళ్లకే తెలుసు కదా, తవ్వాల్సిన చోటే తవ్వారు.

మీ రెండో ప్రశ్నకు కోబెలోనే జవాబుంది. అదే నగాతా వార్డులో మానో అని ఒక పేట. 1960ల్లో ఫ్యాక్టరీల పొగ, కాలుష్యం మీద పోరాడడానికి అక్కడివాళ్లు ఒక్కటయ్యారు. ఆ పోరాటం అయిపోయాక కూడా విడిపోలేదు, తమ పేట ఎలా ఉండాలో తామే కూర్చుని ప్లాను వేసుకుంటూ ముప్పై ఏళ్లు గడిపారు. భూకంపం రోజు మంటలు అటు వచ్చినప్పుడు బకెట్లతో వరుసలో నిలబడ్డారు, దగ్గర్లోని ఫ్యాక్టరీ సిబ్బంది తమ పంపుతో వచ్చి కలిశారు, మంటలు అక్కడితో ఆగాయి. కాస్త దూరంలో వీధులకు వీధులే బూడిదయ్యాయి. ఆ తర్వాత నెలల్లో కూడా ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏం కావాలి అన్న లెక్క ఆ పేట దగ్గర ఉంది. భూకంపం గురించి వాళ్లు ఎప్పుడూ ఆలోచించి ఉండకపోవచ్చు, కలిసి పనిచేయడం మాత్రం అలవాటైపోయింది.

ఇక ఇళ్ల సంగతి. నగరం చుట్టుపక్కల 48 వేలకు పైగా తాత్కాలిక ఇళ్లు కట్టారు. నగరం మధ్యలో ఖాళీ స్థలం దొరక్క చాలావాటిని పొలిమేరల్లో, సముద్రం పూడ్చి కట్టిన దీవుల మీద కట్టారు. ఎవరికి ముందు ఇవ్వాలి అన్నప్పుడు ముసలివాళ్లకు, వికలాంగులకు ముందు అన్నారు, మిగతాది లాటరీ. వినడానికి ఇంతకంటే న్యాయంగా ఇంకేముంటుంది అనిపిస్తుంది. కానీ దాంతో ఒక పేట మనుషులు పది చోట్లకు చెదిరిపోయారు, ఒంటరి ముసలివాళ్లంతా ఎవరికీ ఎవరూ తెలియని చోట ఒకే దగ్గర పోగయ్యారు. అప్పుడు మొదలైంది అక్కడివాళ్లు కొదోకుషి అనేది, అంటే పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా చనిపోవడం. కొన్నిసార్లు రోజులు గడిచాకే తెలిసేది. ఐదేళ్లలో తాత్కాలిక ఇళ్లలోనే ఇలా 230 మందికి పైగా పోయారు. ముసలివాళ్లే కాదు, యాభై అరవై ఏళ్ల మగవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. పని పోయింది, భార్యాపిల్లలు లేరు, తాగుడు. వాళ్లు పోయింది భూకంపం వల్ల కాదు అని కాగితం మీద రాయొచ్చు, నా మనసు మాత్రం ఒప్పుకోదు.

మీరు చెప్పిన "ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి" అన్నది కోబె విషయంలో అక్షరాలా నిజం. జనాభా 2004 చివరికి పాత స్థాయికి వచ్చేసింది. రేవును రెండేళ్లలో, 1997కల్లా పూర్తిగా బాగుచేశారు, అది మామూలు విషయం కాదు. భూకంపానికి ముందు కోబె ప్రపంచంలో ఆరో పెద్ద కంటెయినర్ రేవు. రేవైతే బాగైంది గానీ, ఆ రెండేళ్లలో దక్షిణ కొరియాలోని బూసాన్ లాంటి రేవులకు మళ్లిపోయిన ఓడలు మళ్లీ వెనక్కి రాలేదు. క్రేన్లు, గోదాములు చూస్తే కోలుకుంది, వచ్చే సరుకు చూస్తే లేదు. నగాతాలో కాలిపోయిన చోట పెద్ద పెద్ద షాపింగ్ భవనాలు లేపారు, నేను అక్కడ నడిచినప్పుడు ఎన్ని షట్టర్లు మూసి ఉన్నాయో నా కళ్లారా చూశాను. పాత గల్లీలో చిన్న కొట్టు నడుపుకునే మనిషికి కొత్త భవనంలో మెయింటెనెన్స్ ఖర్చే భారం.

అయితే ఆ తప్పు నుంచి నేర్చుకున్నారు కూడా. 2004లో నీగాతా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు యమకోషి అనే కొండ గ్రామాన్ని మొత్తం ఖాళీ చేయించారు, దాదాపు 2,200 మంది. తాత్కాలిక ఇళ్లు ఇచ్చేటప్పుడు ఏ పల్లెవాళ్లను ఆ పల్లెవాళ్ల పక్కనే ఉంచారు. 2011 సునామీ తర్వాత ఇవానుమా అనే పట్టణంలోనూ కొందరిని పేటల వారీగా కలిపి తరలించారు, కొందరికి లాటరీలో ఇళ్లిచ్చారు. అక్కడ పరిశోధకులు చూస్తే, లాటరీలో విడివిడిగా వెళ్లినవాళ్లకు స్నేహాలు, రాకపోకలు తగ్గాయి, గుంపుగా వెళ్లినవాళ్లకు నిలిచాయి, కొన్ని పెరిగాయి కూడా. ఇల్లు ఒకటే, ప్రభుత్వం ఒకటే, ఇచ్చిన పద్ధతే వేరు. మీ పెద్దావిడ విషయంలో కూడా జరిగిన పొరపాటు అక్కడే ఉందని నా నమ్మకం.

---

కరకట్ట రాశారు:

వంతెన గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ ఒక విషయంలో గట్టిగా అడ్డు చెప్పాలి. "ఇరుగుపొరుగు బాగుంటే నగరం కోలుకుంటుంది" అనే మాట వినడానికి బాగుంటుంది, అది చేతిలో డబ్బున్నవాళ్లకు చాలా సౌకర్యంగా కూడా ఉంటుంది. ఐకమత్యంగా ఉండండి, మీరే లేచి నిలబడతారు అని చెప్పేసి చేతులు దులుపుకునేవాళ్లను నేను పనిలో చాలామందిని చూశాను. నేను వరద నష్టాల అంచనా రంగంలో పనిచేస్తాను, అందుకే ఈ కోపం.

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ చూడండి. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. ఆ నగరాన్ని నిజంగా ముంచింది గాలివాన కంటే కరకట్టలు, కాలవ గోడలు తెగడమే. యాభైకి పైగా చోట్ల తెగాయి, నగరంలో 80 శాతం మునిగింది. ఆ గోడల డిజైన్లోనే లోపాలున్నాయని కట్టించిన ఆర్మీ ఇంజినీర్ల విభాగమే 2006లో ఒప్పుకుంది. అంటే జనం ఎంత కలిసికట్టుగా ఉన్నా, చేతకాకుండా కట్టిన గోడ ముందు ఏం చేస్తారు? 2000 జనాభా లెక్కల్లో ఆ నగరంలో 4,84,674 మంది. 2010లో 3,43,829. 2020లో కూడా నాలుగు లక్షలు దాటలేదు. 

తిరిగి రానివాళ్లు ఎవరు? రాలేనివాళ్లు. ఇల్లు మళ్లీ కట్టుకోవడానికి రోడ్ హోమ్ అని ఒక పథకం పెట్టారు. అందులో సాయం ఎంతన్నది మొదట్లో ఎలా లెక్కేశారంటే, తుపానుకు ముందు ఇంటి విలువ, మరమ్మతు ఖర్చు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. ఈ రూల్ ఒక్కసారి ఆలోచించండి. ఇద్దరి ఇళ్లూ ఒకే సైజు, ఒకే నష్టం, తిరిగి కట్టే ఖర్చూ ఒకటే. కానీ ఒకరి ఇల్లు నల్లవాళ్ల పేటలో ఉంది కాబట్టి దాని మార్కెట్ విలువ ముందునుంచీ తక్కువ. కాబట్టి ఆయనకు సాయమూ తక్కువ. దీని మీద 2008లో కోర్టుకెళ్లారు, 2011లో రాజీ కుదిరింది, అప్పటికి ఆరేళ్లు పోయాయి. ఆరేళ్లు వేరే ఊళ్లో పిల్లలు బడికి వెళ్తూ, వేరే ఉద్యోగం చేసుకుంటూ బతికినవాళ్లు మళ్లీ వస్తారా? పేదలు అద్దెకుండే ప్రభుత్వ ఇళ్ల సముదాయాలు నాలుగు పెద్దవి ఉండేవి, చాలా భవనాలు బాగుచేయదగ్గ స్థితిలోనే ఉన్నాయని జనం మొత్తుకున్నా కూల్చేశారు. అక్కడివాళ్లకు ఇరుగుపొరుగు లేక కాదు, తిరిగి రావడానికి గడపే లేకుండా పోయింది.

ఇంకో సంగతి. పేట ఐకమత్యం ఎప్పుడూ మంచివైపే ఉంటుందని కూడా అనుకోకండి. డేనియల్ ఆల్డ్రిచ్ అని ఒక ప్రొఫెసర్ ఉన్నారు, కత్రినాలో ఆయన సొంత ఇల్లే మునిగింది, ఆ తర్వాత నుంచి ఈ విషయం మీదే పరిశోధన చేస్తున్నారు. డబ్బు, నష్టం తీవ్రత వీటికంటే మనుషుల మధ్య సంబంధాలే కోలుకోవడాన్ని బాగా పట్టిస్తాయని వాదించేది ఆయనే, అంటే వంతెన గారి పక్షమే. కానీ చెడ్డవైపు కూడా ఆయనే చూపించారు. న్యూ ఆర్లీన్స్‌లో బాగా సంఘటితంగా ఉన్న పేటలు, నిరాశ్రయుల కోసం తెచ్చిన ట్రెయిలర్ ఇళ్లు మా దగ్గర వద్దు అని అడ్డుకోగలిగాయి. 2004 సునామీ తర్వాత తమిళనాడు మత్స్యకార గ్రామాల్లో ఊరి పంచాయతీలు సాయాన్ని బ్రహ్మాండంగా పంచాయి, వాటి జాబితాలో పేరున్నవాళ్లకు. దళితులు, ఒంటరి ఆడవాళ్లు చాలాచోట్ల ఆ జాబితా బయటే ఉండిపోయారు. కాబట్టి "మన పేట" అన్నప్పుడు మనలో ఎవరిని లెక్కేస్తున్నాం అన్నది ముందు చూసుకోవాలి.

---

మెట్లబావి రాశారు:

కరకట్ట గారూ, ఆ జాబితా మాట నాకు గట్టిగా తగిలింది. శిబిరంలో పేర్లు రాసింది నేనే. రేషన్ కార్డు చూపించినవాళ్ల పేర్లు ముందు రాసేవాళ్లం, లేనివాళ్లను తర్వాత రమ్మనేవాళ్లం. తర్వాత ఎంతమంది వచ్చారో నేను ఎప్పుడూ చూడలేదు.

న్యూ ఆర్లీన్స్‌లోనే తొందరగా తిరిగొచ్చిన పేటలు కూడా ఉన్నాయని ఎక్కడో చదివాను. వాళ్ల దగ్గర డబ్బుందా మరి?

---

కరకట్ట రాశారు:

లేదు, అందుకే వంతెన గారి మాటను నేను పూర్తిగా కొట్టిపారేయలేను. నగరానికి తూర్పు చివర ఒక వియత్నామీల పేట ఉంది. 1975 తర్వాత శరణార్థులుగా వచ్చినవాళ్లు, డబ్బున్నవాళ్లేమీ కాదు. వాళ్లకు మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం అనే చర్చి కేంద్రం. ఊరు వదిలి చెల్లాచెదురైనా ఎవరు ఏ రాష్ట్రంలో ఏ షెల్టర్లో ఉన్నారో చర్చి ఫాదర్ తిరిగి తిరిగి కనుక్కున్నారు. కొన్ని వారాల్లోనే తిరిగొచ్చి ఒకరి ఇల్లు ఒకరు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. మీ పేటలో జనం లేరు, కరెంటు ఎందుకు అని అడిగితే, తిరిగొచ్చినవాళ్ల పేర్లు, సంతకాలు తీసుకెళ్లి చూపించి కరెంటు తెప్పించుకున్నారు. ఆ పేట దగ్గర్లో శిథిలాల చెత్త పోసే డంపింగ్ యార్డు తెరిస్తే 2006లో పోరాడి అదే ఏడాది మూయించారు.

బ్రాడ్‌మూర్ అని ఇంకో పేట. 2006 జనవరిలో నగర పునర్నిర్మాణ కమిషన్ ప్లాను పేపర్లో పడింది. ఆ మ్యాపులో కొన్నిచోట్ల పచ్చటి చుక్కలున్నాయి, అంటే అక్కడ పార్కులు వస్తాయని. తమ ఇళ్ల మీద పచ్చచుక్క పడిందని బ్రాడ్‌మూర్ వాళ్లు పేపర్లో చూసి తెలుసుకున్నారు. అంతకుముందు నామమాత్రంగా ఉన్న వాళ్ల సంఘం ఆ దెబ్బతో లేచింది. ఎవరెవరు తిరిగొస్తున్నారో ఇంటింటి లెక్క తీశారు, సొంత ప్లాను రాసుకున్నారు, యూనివర్సిటీల సాయం తెచ్చుకున్నారు. వాళ్ల బడి, లైబ్రరీ మళ్లీ తెరుచుకున్నాయి.

నాకు ఈ రెండింటిలో కనిపించేది ఒకటే. వాళ్ల ఐకమత్యం పనికొచ్చింది గోడలు కట్టుకోవడానికి కాదు, కరెంటు కంపెనీని, నగరపాలకులను, చెత్త కాంట్రాక్టును నిలదీయడానికి. అందుకే బలం ఉంటే దాన్ని డబ్బు రాబట్టడానికి వాడండి అంటాను.

---

గీతాప్లాన్ రాశారు:

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను టౌన్ ప్లానింగ్ చదివాను, గుజరాత్ కచ్ జిల్లాలోని భుజ్ మీద చాలాకాలం పనిచేశాను, కాబట్టి దాని గురించే చెప్తాను. ఇక్కడ ఎవరూ అద్దెకున్నవాళ్ల మాట ఎత్తలేదు, అది కూడా చెప్పాలి.

2001 జనవరి 26, గణతంత్ర దినోత్సవం, ఉదయం 8:46. భూకంపం, తీవ్రత 7.7. భుజ్ పాత నగరం గోడల మధ్య ఇరుకు సందులు, రాతి ఇళ్లు. ఇల్లు కూలి సందులో పడితే పరిగెత్తడానికి దారి లేదు, తర్వాత తీయడానికి వచ్చినవాళ్లకూ దారి లేదు. కాబట్టి మళ్లీ అలాగే కట్టనివ్వకూడదు అన్నది అందరూ ఒప్పుకున్న మాట. కానీ రోడ్డు వెడల్పు చేయాలంటే స్థలం ఎక్కడిది? అందరి ప్లాట్లలోంచి కొంత కొంత కోత. చిన్న ప్లాట్ల నుంచి తక్కువ, పెద్ద ప్లాట్ల నుంచి ఎక్కువ, గరిష్ఠంగా 35 శాతం వరకు తీసుకున్నారు. ప్రాణాలతో బయటపడి, ఇల్లు పోయి, ఇప్పుడు స్థలంలో కూడా ముక్క ఇమ్మంటే ఎవరికైనా కడుపు మండదా! అయినా మ్యాపులు బయట పెట్టి, అభ్యంతరాలు విని, మార్చి, మళ్లీ బయట పెట్టి, అలా చేశారు. ఇప్పుడు పాత భుజ్ లో నడిస్తే అప్పుడు మింగలేని ఆ కోత ఎందుకో అర్థమవుతుంది.

దీనికి ధర కూడా ఉంది. ప్లాను ఖరారయ్యేదాకా పాత నగరంలో కట్టుకోవడానికి వీల్లేదు. ఆ ఎదురుచూపులో, ఊరి చుట్టూ కొత్తగా వేసిన లేఅవుట్లలోకి వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోయారు, కొందరు మళ్లీ రాలేదు. మంచి ప్లానుకు టైం కావాలి, మనుషులు అంతకాలం ఆగలేరు. ఈ రెండింటి మధ్య సరైన సమాధానం నాకు ఇంతవరకు దొరకలేదు, ఏ నగరంలోనూ. కోబెలో దీనికి ఉల్టా చేశారు, భూకంపం వచ్చిన రెండు నెలలకే, మార్చి 17న, ప్లాన్లు ఆమోదించేశారు, జనం ఇంకా శిబిరాల్లో ఉండగానే. గొడవలయ్యాయి. అప్పుడు పెద్ద రోడ్లు మాత్రం మేం గీస్తాం, లోపలి వీధుల సంగతి మీ పేట కమిటీలతో కూర్చుని తేలుద్దాం అన్నారు. అందులో కొంత మేలుంది.

అద్దెకున్నవాళ్ల విషయం. పరిహారం దేనికిస్తారు? ఇంటికి. ఇల్లు ఎవరిది? ఓనరుది. నలభై ఏళ్లుగా అదే ఇంట్లో చిన్న అద్దెకు ఉంటున్న కుటుంబం పేరు ఏ దస్తావేజులోనూ లేదు. కూలిన ఇల్లు మళ్లీ కడితే ఓనరు పాత అద్దెకు ఇస్తాడా? ఇవ్వడు. భుజ్ లో అద్దెదారుల ఇళ్ల సంగతి అన్నిటికంటే చివర్న తేలింది, అప్పటికి వాళ్లలో చాలామంది ఎటు పోయారో పోయారు. న్యూ ఆర్లీన్స్‌లో కూడా రోడ్ హోమ్ సొంతింటివాళ్ల పథకమే కదా. మెట్లబావి గారూ, మీ రేషన్ కార్డు జాబితా బాధ ఇక్కడిదే. ఎక్కడ చూసినా కాగితం లేనివాడి నష్టం లెక్కలోకే రాదు.

మంచి జరిగింది కూడా చెప్పాలి. కచ్ పల్లెల్లో చాలాచోట్ల కాంట్రాక్టరుకు అప్పగించకుండా డబ్బు ఇంటివాళ్ల ఖాతాలోనే వాయిదాల్లో వేశారు. పునాది లేచాక ఇంజినీరు వచ్చి చూసి, భూకంపానికి తట్టుకునేలా గోడలను కలిపి పట్టి ఉంచే బ్యాండ్లు, కడ్డీలు ఉన్నాయో లేదో చూసి, అప్పుడే తర్వాతి వాయిదా. గుజరాత్ మొత్తంలో రెండు లక్షలకు పైగా ఇళ్లు మళ్లీ కట్టారు. ఎవరి ఇల్లు వాళ్లు ఉన్నచోటే కట్టుకోవడంతో చాలా పల్లెలు చెదరలేదు. ఇక మీరడిగిన "ముందుగా చేసిపెట్టుకోగలిగింది" అన్నదానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అక్కడే ఉంది. 1998లో కచ్‌లోని కాండ్లా రేవు దగ్గర తుపాను వచ్చినప్పుడు కచ్ స్వచ్ఛంద సంస్థలు కొన్ని కలిసి అభియాన్ అని ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. తుపాను పని అయిపోయినా మూసేయలేదు. మూడేళ్లలోపే భూకంపం వచ్చింది, ఫోన్లు, మనుషులు, నమ్మకం అప్పటికే ఉన్నాయి. కొన్ని పల్లెలకు కలిపి ఒక సేతు కేంద్రం పెట్టారు, ప్రభుత్వ జీవో అర్థమయ్యేలా పల్లెకు చెప్పడం, పల్లె గోడు పైకి చేర్చడం దాని పని. ఎవరికి ఏ వాయిదా ఎందుకు ఆగిందో చెప్పే మనిషి నడిచి వెళ్లే దూరంలో ఉంటే ఎంత టెన్షన్ తగ్గుతుందో ఊహించండి.

---

దక్షిణతీరం రాశారు:

గీతాప్లాన్ గారు చెప్పిన ఎదురుచూపు గురించి రెండు మాటలు. నేను న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్నాను. 2010 సెప్టెంబర్‌లో ఒక భూకంపం, 2011 ఫిబ్రవరి 22న అసలు దెబ్బ, 185 మంది పోయారు. ఇక్కడ దాదాపు ఇళ్లన్నిటికీ ఇన్సూరెన్స్ ఉంది, దేశం ధనిక దేశం. కరకట్ట గారు అన్నట్టు డబ్బే సమస్య అయితే ఇక్కడ అన్నీ రెండు మూడేళ్లలో అయిపోవాలి. కాలేదు.

ఒక మొత్తం వరకు ప్రభుత్వ సంస్థ ఇవ్వాలి, అది దాటితే ప్రైవేటు కంపెనీ. మీ ఇంటి నష్టం ఆ గీతకు ఇవతలా అవతలా అన్నది తేలాలి. భూకంపాలు ఒకటి కాదు, ఏ పగులు ఏ భూకంపంలో వచ్చిందో కూడా తేలాలి. మా ఇంటికి ఒక ఇంజినీరు వచ్చి పునాది బాగుచేస్తే చాలన్నాడు, ఇంకో ఇంజినీరు వచ్చి కూల్చాలన్నాడు, ఫైలు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి వెళ్లడం, ప్రతిసారీ కొత్త ఆఫీసరు, మొదటినుంచీ మళ్లీ కథ చెప్పడం. పదేళ్లు దాటినా తేలని క్లెయిములు ఈ నగరంలో ఉన్నాయి. నేల కదలడం కంటే ఆ ఎదురుచూపే మా అమ్మను ఎక్కువ కుంగదీసింది. రాత్రిళ్లు ఫైలు ముందేసుకుని కూర్చునేది.

నేల ద్రవంలా మారి ఇళ్లు కుంగిన ఎవాన్ నది వైపు ప్రాంతాన్ని రెడ్ జోన్ అని ప్రకటించి నగరం మొత్తమ్మీద ఎనిమిది వేల దాకా ఇళ్లు కొనేశారు. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు, ఖాళీ స్థలం ఉన్నవాళ్లకు సగం ధరే ఇస్తామన్నారు, వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015లో గెలిచారు. సిటీ సెంటర్ ఎలా ఉండాలో చెప్పండి అని నగర పాలక సంస్థ అడిగితే లక్షకు పైగా సూచనలు రాశాం, చిన్నపిల్లలు బొమ్మలు గీసి ఇచ్చారు. తర్వాత ఏడాది కేంద్ర ప్రభుత్వం తీసుకుని వంద రోజుల్లో తన ప్లాను తయారు చేసింది. మా సూచనలు కొన్ని అందులో ఉన్నాయి, అయినా అడిగి పక్కకు నెట్టారన్న బాధ ఈ ఊళ్లో ఇంకా పోలేదు.

మంచి జ్ఞాపకాలూ ఉన్నాయి. యూనివర్సిటీ పిల్లలు ఫేస్‌బుక్‌లో పిలుచుకుని వేలమంది పారలు పట్టుకుని వచ్చారు, ఇళ్లల్లోకి పొంగిన బురద ఇసుక ఎత్తారు. కూల్చేసిన ఖాళీ స్థలాల్లో గ్యాప్ ఫిల్లర్ అనే బృందం చిన్న చిన్నవి పెట్టింది, పాత ఫ్రిజ్‌లో పుస్తకాల లైబ్రరీ, పాత వాషింగ్ మెషీన్‌లో నాణెం వేస్తే పాట వచ్చే డాన్సు నేల. దాంతో ఇల్లు వస్తుందా అని ఎవరైనా అడగొచ్చు. రాదు. కానీ ఆ ఏళ్లలో మా అమ్మ ఇంట్లోంచి బయటికొచ్చింది ఆ నేల దగ్గరికే.

---

వంతెన రాశారు:

దక్షిణతీరం గారూ, అమ్మగారు ఇప్పుడు బాగున్నారని అనుకుంటున్నాను.

కరకట్ట గారి మాట నేను ఒప్పుకుంటున్నాను, డబ్బు, హక్కు లేకుండా పలకరింపులతో ఇల్లు లేవదు. నేను చెప్పాలనుకున్నది, ఇల్లు ఇచ్చేటప్పుడు మనుషులను కూడా లెక్కలోకి తీసుకోవడానికి అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ, మానేస్తే పోయేది చాలా ఎక్కువ అని. మెట్లబావి గారూ, కోబెలో ఆ చావులు మొదలయ్యాక తాత్కాలిక కాలనీల్లో ఒక కూడలి గది కట్టడం మొదలుపెట్టారు, ఫురేఅయి సెంటర్ అనేవాళ్లు. యాభైకి పైగా ఇళ్లున్న చోటల్లా ఒకటి. పెద్ద హంగేమీ లేదు, కుర్చీలు, బల్లలు, కాలనీవాళ్లే తాళం తీసి నడుపుకోవడం. తలుపు తట్టి పలకరించే మనుషులను కూడా పెట్టారు. ఆ పెద్దావిడ కాలనీలో అలాంటి గది ఉందా? ఆవిడ పాత వీధివాళ్లు ఇప్పుడు ఎవరెక్కడున్నారు?

---

మెట్లబావి రాశారు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వంతెన గారి పోస్టు చూసి ఈరోజు పొద్దున ఆవిడకు ఫోన్ చేశాను. గది లేదట. గేటు పక్కన వాచ్‌మన్ కోసం కట్టి వాడని షెడ్డు ఒకటి ఉందట, తాళం ఎవరి దగ్గరుందో తెలియదన్నారు. పాత వీధిలో తన చుట్టూ ఉన్న పదకొండు ఇళ్లవాళ్ల పేర్లు గడగడా చెప్పారు. నలుగురు అదే కాలనీలో వేరే బ్లాకుల్లో ఉన్నారట, ఎక్కడో సరిగ్గా తెలియదు. ఇద్దరు అద్దెకుండేవాళ్లు, వాళ్లకు ఇల్లే రాలేదు. మిగతావాళ్ల ఆచూకీ లేదు.

నా పాత శిబిరం నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది, అందులో అప్పటి ఫోన్ నంబర్లున్నాయి. ఈ ఆదివారం ఆ కాలనీకి వెళ్తున్నాను. గీతాప్లాన్ గారూ, అద్దెకున్న ఆ రెండు కుటుంబాలకు ఇంత ఆలస్యంగా అర్జీ పెట్టాలంటే వాళ్లు అక్కడ ఉన్నారని చూపించడానికి ఏ కాగితాలు పనికొస్తాయి? కరెంటు బిల్లు ఓనరు పేరు మీదే ఉంది. పిల్లల స్కూలు రికార్డులో ఆ వీధి అడ్రస్ ఉంటుందేమోనని ఆవిడే గుర్తుచేశారు.

---

గీతాప్లాన్ రాశారు:

స్కూలు రికార్డు చాలా మంచిది, సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఓటరు జాబితా పాత కాపీ, ఆస్పత్రి చీటీలు, గ్యాస్ కనెక్షన్ పుస్తకం, ఆ అడ్రసుకు వచ్చిన పోస్టు కవరు, ఏదున్నా వదలొద్దు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఐదారుగురు, వీళ్లు ఫలానా ఏడాది నుంచి ఇక్కడే ఉండేవాళ్లు అని సంతకం పెట్టి ఇస్తే దాన్ని కూడా జతచేయండి. ఆ పదకొండు ఇళ్లవాళ్లను వెతకడం అందుకు కూడా పనికొస్తుంది. మీ నోటుబుక్కులో తేదీలతో ఆ కుటుంబాల పేర్లుంటే ఆ పేజీల ఫొటోలు తీసి ఉంచండి, అసలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు. వెళ్లొచ్చాక ఇక్కడ రాయండి, తర్వాతి మెట్టు ఏమిటో చూద్దాం.